పంచినవాడి వంతు

జలంధర్ గౌడ్‌కు ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారే కోపం వచ్చింది. కాకపోతే ఇరవై ఆరేళ్ళదీ ఒకేసారి వచ్చింది. ఆ కోపాన్ని నేను కళ్ళారా చూశాను. ఖతర్‌లో, ఉమ్ సలాల్ దగ్గర ఒక తోటలో, నవంబరు నెల శుక్రవారం పొద్దున, అది ఖర్జూరం చెట్టు కొన మీద ఎక్కి కూర్చుంది. కింద ఒక కుటుంబం కుటుంబమంతా మెడలు పైకెత్తి నిలబడింది. చెట్టు ఇరవై అడుగులుంటుంది. నేను చెప్పేటప్పుడు ముప్పై అంటాను. ఆ కోపానికి ఇరవై అడుగులు చాలవు.

తోట యజమాని కుటుంబం పేర్లు రాయను. వాళ్ళకు తెలుగు రాదు కానీ వాళ్ళ డ్రైవర్ కమాలుద్దీన్‌కు వచ్చు, అతను చదివి వినిపిస్తాడు. కమాలుద్దీన్‌ది బోధన్. ప్రతి శుక్రవారం తోటలోని కూరగాయలు పికప్‌లో వేసుకుని అబూ హమూర్ మార్కెట్‌కు తెస్తాడు. మా అమ్మాయి ఇల్లు ఆ మార్కెట్ పక్కనే. లేత బెండకాయల కోసం అతనితో స్నేహం చేశాను. కొన్నాళ్ళకు బెండకాయలు వంక అయ్యాయి. పికప్‌లో ఎక్కి తోటకు పోవడం, జలంధర్ చెట్లెక్కుతుంటే కింద మడత కుర్చీ వేసుకుని చూడడం నాకు అలవాటైంది.

జలంధర్‌ది కోరుట్ల దగ్గర పల్లె. తాతముత్తాతల నుంచీ కల్లుగీత. అందరూ పచ్చళ్ళు తెచ్చుకున్న విమానంలో ఇతను మోకు తెచ్చుకున్నాడు. మోకంటే నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడు. అది లేకుండా గౌడ్ చెట్టెక్కడు. విమానాశ్రయంలో పెట్టె తెరిచిన అధికారి ఇదేమిటని అడిగితే, భాష రాక, పక్కనున్న స్తంభానికి చుట్టి నాలుగడుగులు ఎక్కి చూపించాడట. వరసలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారట. జలంధర్ ఈ మాట ఒప్పుకోడు. నాకు కమాలుద్దీన్ చెప్పాడు. ఆ నాలుగడుగులను పైకప్పు దాకా పెంచింది మాత్రం నేనే.

ఈ కథకు అవసరమైన సంగతి ఒకటుంది, అందులో మాత్రం నేనేమీ కలపలేదు. జలంధర్ ఊళ్ళో పొలం ఒకరిది, పొలంలోని ఈతచెట్టు ఇంకొకరిది. పటేల్ తన గట్టున ఎన్ని ఈతచెట్లున్నా వాటి మీద చెయ్యి వెయ్యడు. ఎక్కి గీసేవాడిదే చెట్టు. పొలం ఇచ్చినందుకు పటేల్ ఇంటికి అప్పుడప్పుడు ఒక కుండ కల్లు పోతుంది, అంతే. కుండ తీసుకున్నాడంటే చెట్టు గౌడ్‌దని పటేల్ ఒప్పుకున్నట్టు. మూడేళ్ళకోసారి గౌడ్‌లంతా కూడి చెట్లు పంచుకుంటారు. పంచే పని జలంధర్ తండ్రిది. చెట్టు చెట్టుకూ తిరిగి, కల్లు పారే చెట్టునూ ఎండిన చెట్టునూ సరిచూసి, వంతులు కట్టేవాడు. పంచినవాడు కోరుకోకూడదు. అందరూ తీసుకున్నాక మిగిలింది అతనిది. సమంగా తెగక ఒకటో రెండో చెట్లు మిగిలితే అవి కూడా అతనివే. ఇంకో నియమం కూడా ఉంది. ఏడాదిపాటు ఎక్కనివాడి చెట్లు సంఘానికి పోతాయి.

జలంధర్ ఇక్కడికి వచ్చిన మరుసటి ఏడే అతని పద్నాలుగు చెట్లూ పోయాయి. వాటిని చిన్నాయన కొడుకు ఎక్కుతున్నాడు. నియమం నియమమే కాబట్టి జలంధర్ ఒక్క మాట అనలేదు. అప్పుడు రావాల్సిన కోపాన్ని మడిచి మోకుతోపాటు పెట్టెలో పెట్టుకున్నాడు.

తోట యజమానిని పనివాళ్ళంతా బాబా అంటారు. ఎనభై దాటిన మనిషి. తోటలో అడుగు పెట్టగానే చెప్పులు విప్పేసేవాడు. కాగితాల్లో ఆ తోటలో రెండు వందల నాలుగు ఖర్జూరాలున్నాయి. నేలమీద రెండు వందల పదిహేను ఉన్నాయి. ఎక్కువున్న ఆ పదకొండూ జలంధర్ గది వెనక ఉంటాయి. తల్లిచెట్ల మొదట్లో వచ్చే పిలకలను తవ్వి పారేయమంటే, పారేయకుండా తన గది వెనక నాటుకున్నవి అవి. తోట నీళ్ళు వాటికి పోయకూడదన్నారు. ఎండాకాలం తను స్నానం చేసిన నీళ్ళు పోశాడు. నీళ్ళు చాలని వారం స్నానమే రోజుకు రెండుసార్లు చేశాడు. ఏడుసార్లు చేశాడని కూడా చెప్పగలను, కానీ ఈ కథలో అబద్ధాలు కమాలుద్దీన్ వంతు.

ఆ చెట్లకు పేర్లున్నాయి. రెండో ఏడు తండ్రి పోయాడు. అప్పుడు చెట్లకు పుప్పొడి పట్టించే రోజులు, సెలవు లేదన్నారు. ఆ రోజు నాటిన చెట్టు పేరు ‘నాయిన’. అది వంకరగా పెరిగింది. కూతురు పుట్టిందని కబురొచ్చిన రోజు నాటింది ‘మాలతి’. ఊళ్ళో ఇంటికి స్లాబు పడిన రోజుది ‘స్లాబు’. అప్పటి ఫోర్‌మన్ ఒకడు పదిమందిలో జలంధర్ చెంప మీద కొట్టాడు. ఆ సాయంత్రం నాటిన చెట్టు పేరు ‘చెంపదెబ్బ’. మట్టలు కోసేటప్పుడు దాన్ని మాత్రం అవసరానికి మించి కోసేవాడు. ఆ చెట్టు ఒళ్ళంతా గాట్లే.

బాబాకు ఆరోగ్యం తగ్గింది. తను పోయాక పిల్లలు కొట్టుకుంటారని, ఉండగానే పంచేద్దామనుకున్నాడు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. చిన్నకొడుకుకూ కూతురికీ వేరేచోట ఇళ్ళు రాసిచ్చాడు. తోట భూమి పెద్దకొడుక్కి పోయింది. అతను తోట తీసేసి, వారాంతాల్లో అద్దెకిచ్చే విడిది గదులు కడతాడట. చెట్లను మాత్రం ముగ్గురికీ సమంగా ఇస్తానన్నాడు బాబా. క్రేనుతో వేళ్ళతో సహా లేపి ఎవరి చెట్లు వాళ్ళు తీసుకుపోవాలి. ఏ చెట్టు ఎంత కాస్తుందో పిల్లలకు తెలియదు, బాబాకు గుర్తు లేదు. అందుకని జలంధర్‌ను పిలిచి, గుడ్డలు కట్టి మూడు వంతులు చెయ్యమన్నాడు.

నాకు మొదట ఒళ్ళు మండింది ఇక్కడే. ఆ తోటను చేతులతో పెంచిన మనిషి చేతనే దాన్ని ముక్కలు చేయించి, ఆ ముక్కల్లో నీకేం కావాలని మాటవరసకైనా అడగలేదు. జలంధర్‌కు మాత్రం మండలేదు. పంచడమంటే అతని దృష్టిలో తండ్రి కూర్చున్న పీట. పదిరోజులు తిరిగాడు. ఖలాస్ రకం ఎన్ని, గెలకు ఎంత కాస్తుంది, ఏది వయసు మళ్ళింది, అన్నీ సరిచూసి ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు గుడ్డలు కట్టాడు. ఏ రంగు కోరుకున్నా ఒకటే అన్నట్టు కుదిరింది.

ఆ శుక్రవారం కుటుంబమంతా తొమ్మిదింటికి వస్తుందంటే, కమాలుద్దీనూ నేనూ ఏడింటికే చేరాం. జలంధర్ గది వెనకకు పోయిన కమాలుద్దీన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“గౌడ్ సాబ్, నాలుగో రంగు ఎవరిది?”

“నాది” అన్నాడు జలంధర్, టీ ఊదుకుంటూ.

“నీదంటే?”

“నాదంటే నాది. తెలుగు మర్చినవా?”

పాత డ్యూటీ జాకెట్ కోసి, ఆ పసుపు పీలికలు పదకొండు చెట్లకూ కట్టాడు. ఎండలో అవి దీపాల్లా మెరుస్తున్నాయి. దాచుకునే ఉద్దేశం ఏ మాత్రం లేదు.

“దిమాగ్ ఖరాబైందా భాయ్? పొద్దుగూకేవరకు వీసా క్యాన్సిల్ చేసి పంపిస్తరు. పంచుమన్నది ముగ్గురికి!”

“ముగ్గురికీ పంచిన. తలా అరవై ఎనిమిది. ఒక్క చెట్టు తక్కువుంటె చెప్పుమను. ఈ పదకొండు వాళ్ళ కాయిదంల లేవు. నేను నాటిన, నేను ఎక్కిన. ఎక్కెటోనిదే చెట్టు.”

“అది మీ ఊళ్ళ. ఇది ఖతర్. నువ్వు జీతం తీస్కోలేదా?”

“జీతం వాళ్ళ చెట్లెక్కినందుకు. వీటికి ఎవడిచ్చిండు జీతం?”

కమాలుద్దీన్ నా వైపు తిరిగాడు. “పెద్దసారూ, చదువుకున్నోళ్ళు, మీరన్న చెప్పుండ్రి. ఈయన చెట్లు తీస్కొని కోరుట్ల పోతడట. విమానంల లగేజీ ఎంతిస్తడు?”

“తీస్కపోను” అన్నాడు జలంధర్. అప్పటిదాకా ఊదిన టీ తాగకుండానే పారబోశాడు. “పెద్దోడు మొదటి గుంత నా రూమెనకనే తీస్తడట. లెక్కల ఉన్న చెట్లు క్రేన్ల పోతయి. లెక్కల లేని చెట్టుకు క్రేనెవడు తెస్తడు? బుల్డోజరే. నాయినను గూడ గట్లనే నూకేస్తరా? అందుకే కట్టిన. లెక్కల వెట్టాలె. నాదని లెక్కల వెట్టాలె.”

ఇంతలో ఫోన్ మోగింది. ఊరి నుంచి బాలవ్వ, అతని భార్య. వీడియోలో ముఖం కంటే నుదురే ఎక్కువ కనిపిస్తోంది.

“ఏం చేస్తున్నవయ్యా?”

“చెట్లు పంచుతున్న.”

“దుబాయ్ల చెట్లు పంచుతున్నవా? మంచిగున్నది. మన పద్నాలుగు చెట్ల మీద నీ చిన్నాయన కొడుకు కల్లు దీసి కొత్త బండి కొన్నడు. గవి ఎవలు పంచుతరు?”

“అవి మనయి గావు. ఎక్కకపోతె పోతయి.”

“ఈడ ఎక్కలేదని తీసేసిండ్రు, ఆడ ఎక్కుతున్నవు గదా. మరి ఆడివన్న ఇచ్చిండ్రా?” అంది బాలవ్వ. “ఇయ్యలే? అయితె నువ్వు కిందికి దిగి నిలవడు. ఎవడెక్కుతడో సూద్దాం.” ఫోన్ పెట్టేసింది.

జలంధర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పెట్టెలో మడిచి పెట్టుకున్న కోపం మడతలు విప్పుకోవడం నేను చూశాను. ఇది అతిశయోక్తి కాదు. మెడ మీద నరం ఒకటి లేచి చెవి దాకా పాకింది.

తొమ్మిదికి మూడు బండ్లు వచ్చాయి. బాబా చక్రాల కుర్చీలో ఉన్నా, దిగగానే చెప్పులు విప్పించుకున్నాడు. పిల్లలు ముగ్గురూ తలో రంగు కోరుకుని చెట్ల మధ్య తిరిగారు: పెద్దవాడు ఎరుపు, చిన్నవాడు ఆకుపచ్చ, కూతురు తెలుపు. పెద్దకొడుకు ఫోన్‌లో ఫోటోలు తీసుకుంటూ, అంగలు వేసి కొలుచుకుంటూ తిరిగాడు. అతనికి చెట్లు కనిపించలేదు, గదులు కనిపించాయి. పసుపు గుడ్డల దగ్గర ఆగాడు.

“ఇదేమిటి?” అని అరబ్బీలో అడిగాడు.

జలంధర్ నోరు తెరిచేలోపు కమాలుద్దీన్ ముందుకు దూకాడు. స్నేహితుడి వీసా కాపాడాలని అతనికి తోచిన ఉపాయం ఒక్కటే. “పురుగు పట్టిన చెట్లు సార్. సూసా. అందుకని వేరుగా గుర్తు పెట్టాడు” అన్నాడు.

సూసా అంటే ఖర్జూరాన్ని లోపలి నుంచి తినే ఎర్రముక్కు పురుగు. ఆ మాట వింటే ఇక్కడి రైతు నిద్రపోడు. పెద్దకొడుకు రెండడుగులు వెనక్కి వేశాడు.

“మిగతావాటికి పాకదా? యల్లా, ఇప్పుడే కొట్టండి. కొట్టి ఇక్కడే కాల్చండి.”

పనివాళ్ళిద్దరు మోటారు రంపం తేవడానికి కదిలారు. ఇరవై ఆరేళ్ళు అరబ్బీ విన్న మనిషి జలంధర్. అతనికి అనువాదం అవసరం లేదు.

అతను గదిలోకి పోయి మోకు తెచ్చాడు. వంకర చెట్టుకు చుట్టాడు. ఎక్కాడు. నేను ఊపిరి రెండుసార్లు తీసుకున్నానో లేదో, యాభై తొమ్మిదేళ్ళ మనిషి మట్టల మధ్య కూర్చుని ఉన్నాడు. అక్కడి నుంచి మొదటి మాట కమాలుద్దీన్ మీద పడింది.

“ఏయ్ కమాలూ! నా నాయినకు పురుగు వట్టిందంటవా? నీ నోట్లె పడ్డది పురుగు! ఒక్క చెట్టుకు పురుగు తొల్సిన పొక్క చూపియ్యి, నేనే దూకుత!”

“దిగు భాయ్, నీ మంచికే చెప్పిన!”

“నా మంచి నువ్వు చెప్పుడేంది? నా మంచి అందరు చెప్పుడే ఇరవై ఆరేండ్లు! నాయిన సచ్చిన్నాడు గూడ నీ మంచికే ఆగుమన్నరు. చెంప మీద కొట్టినోడు గూడ నీ మంచికే అన్నడు. సాలు! రంపం తెమ్మను. కోయుమను. నాతోని కలిపి కోయుమను!”

రంపం తెచ్చిన ఇద్దరూ దాన్ని వీపు వెనక దాచుకున్నారు. పెద్దకొడుకు అరుస్తున్నాడు. చిన్నకొడుకు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. అతని చేతిలోంచి ఆ ఫోన్ లాక్కుని బావిలో వేయాలని నాకనిపించింది. బావి లేదు కాబట్టి ఊరుకున్నాను. బాబా కుర్చీని చెట్టు దగ్గరికి తోయించుకున్నాడు. ముందుకు వంగి మొద్దుకు చెవి ఆనించాడు. పురుగు లోపల నమిలితే చప్పుడు వినిపిస్తుందట. చాలాసేపు విన్నాడు. పక్క చెట్టు దగ్గర విన్నాడు. ఇంకో చెట్టు దగ్గర విన్నాడు. తర్వాత కమాలుద్దీన్ వైపు తిరిగాడు.

“వీటిలో పురుగు లేదు. నీలో ఉంది. పైనున్నవాడు ఏమంటున్నాడో ఒక్క మాట వదలకుండా చెప్పు.”

కమాలుద్దీన్ చెప్పసాగాడు. పొలం పటేల్‌దట, చెట్టు ఎక్కేవాడిదట, అది వాళ్ళ ఊరి పద్ధతట. ఎక్కడైనా ఒక మాట మెత్తబడితే పైనుంచి అరుపు వచ్చేది.

“స్నానం నీళ్ళ సంగతి చెప్పలె! గా మాట చెప్పు!”

“చెప్తున్న భాయ్, చెప్తున్న!”

“పద్నాలుగు చెట్ల సంగతి చెప్పు! అక్కడ ఎక్కలేదని తీసేసిండ్రు, ఇక్కడ ఎక్కినా ఇయ్యరు. మరి నేనెక్కడోణ్ణి? అడుగు! నేను ఏ చెట్టోణ్ణో అడుగు!”

కమాలుద్దీన్ ఈ మాటను అరబ్బీలో ఎలా చెప్పాడో నాకు తెలియదు. చెప్పాక బాబా కూతురు ముందుకు వచ్చి పైకి చూస్తూ అడిగింది.

“మీ ఊళ్ళో ఆ పొలం ఆయన కొడుకులు పొలం పంచుకుంటే చెట్లు ఏమవుతాయి?”

“పొలం ఎన్ని ముక్కలన్న గానీ” అన్నాడు జలంధర్, “చెట్టెక్కెటోడు ఎక్కుతనే ఉంటడు.”

“కూలివాడికి నా భూమిలో వాటా ఏమిటి?” అన్నాడు పెద్దకొడుకు. తండ్రి ముందు గొంతు తగ్గించాడు గానీ మాట తగ్గించలేదు. “జీతం ఇచ్చాం, గది ఇచ్చాం. ఇంకా చెట్లా?”

నాకు అరబ్బీ అంతగా రాదు, మిగతా మాటలన్నీ తర్వాత కమాలుద్దీన్ చెప్పినవే. ఆ మాట మాత్రం నాకు ఏ భాషలో ఉన్నా అర్థమవుతుంది. ఎన్నో ఏళ్ళుగా, ఎన్నో చోట్ల విన్నదే. కుర్చీలోంచి లేచి ఏదో అనబోయాను. ఇంతలో బాబా చేతికర్ర నేలకు కొట్టాడు.

“పదకొండూ లెక్కలో కలపండి. పంచమని నేను ఇతనికి చెప్పాను. ఇతని ఊరి పద్ధతిలోనే పంచుతాడు. దిగమను.”

జలంధర్ దిగాడు. ఎక్కినప్పటి వేగం లేదు. ఒక్కో చెట్టు దగ్గరికి పోయి పసుపు పీలికలు విప్పాడు. విప్పాడని రాశాను గానీ, పీకాడు. పదకొండూ చేతిలో ముద్దగా పట్టుకుని నిలబడ్డాడు.

“తలా మూడు కోరుకోండ్రి” అన్నాడు. “పంచినోడు కోరుకోడు.”

ముగ్గురికి మూడేసి అంటే తొమ్మిది. కాన్వెంటులో సిస్టర్ మాకు భాగహారం నేర్పుతూ, మిగిలిన శేషాన్ని పక్కన రాయమనేది. ఆ శేషం ఎవరిదో ఎన్నడూ చెప్పలేదు. అరవై ఏళ్ళ తర్వాత ఉమ్ సలాల్‌లో నాకది తెలిసింది.

కానీ ఏ రెండు మిగులుతాయో అప్పటికి ఎవరికీ తెలియదు. నియమం ప్రకారం జలంధర్ నోరు విప్పకూడదు. పెద్దకొడుకు నిటారుగా ఉన్న మూడింటిని చూపించాడు. అందులో ‘స్లాబు’ ఉంది. జలంధర్ ఎర్ర గుడ్డ కట్టాడు. చిన్నకొడుకు వీడియో తీస్తూనే మూడు చూపించాడు. ఆకుపచ్చ గుడ్డ. కూతురు నెమ్మదిగా తిరిగింది. వంకర చెట్టు దగ్గర ఆగింది. జలంధర్ పీలికల ముద్దను ఎంత గట్టిగా నొక్కాడంటే వేళ్ళు తెల్లబడ్డాయి. ఆమె దాన్ని దాటి, ఒత్తుగా కాసే ఇంకో చెట్టు మీద చెయ్యి పెట్టింది. అది ‘మాలతి’.

జలంధర్ తెల్లగుడ్డ కట్టడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది. ముడి రెండుసార్లు జారింది.

మిగిలినవి ‘నాయిన’, ‘చెంపదెబ్బ’. ఒకటి వంకర, ఒకటి గాట్లు. ఎవరికీ వద్దు.

“సరే, ఆ రెండూ నా భూమిలో ఉన్నాయి, నేనే తీసేయిస్తాను” అన్నాడు పెద్దకొడుకు.

“మిగిలింది పంచినోనిది” అన్నాడు జలంధర్. ఈసారి అరవలేదు. కమాలుద్దీన్ కూడా ఏమీ కలపకుండా, ఏమీ తీసేయకుండా చెప్పాడు.

“నువ్వు కోరుకున్నావా వాటిని?” బాబా కొడుకును అడిగాడు.

“లేదు. కానీ…”

“నువ్వే వదిలేశావు. అవి ఇతనివి.”

“నా గోడ సరిగ్గా అక్కడే వస్తుంది!”

“గోడ వంచుకో” అన్నాడు బాబా. ఇక కాళ్ళకు చెప్పులు తొడగమని సైగ చేశాడు.

కథ ఇక్కడ ఆపితే బాబా మంచివాడైపోతాడు. నేను ఆపను. రెండు వందల పదిహేనులో రెండు. అదీ చెట్టెక్కి ప్రాణం పందెం కాస్తే. ఇంటికి పోతూ పికప్‌లో నేను ఈ లెక్క చెప్పి తిట్టడం మొదలుపెట్టాను. అబూ హమూర్ దాకా తిట్టాను. కమాలుద్దీన్ ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. దిగేటప్పుడు మాత్రం అన్నాడు: “పెద్దసారూ, ఈసారి నుంచి నేను తర్జుమా చెయ్య. ఎవరి మంచి వాళ్ళే చెప్పుకోండ్రి.”

వారంలో క్రేన్లు వచ్చాయి. నెలలో తోట లేదు. గోడ కట్టారు. గోడ ఒకచోట లోపలికి వంగి, రెండు చెట్లను బయట రోడ్డు వారన వదిలేసి, మళ్ళీ నిటారుగా పోయింది. అటు పోయేవాళ్ళు మేస్త్రీకి కొలత తప్పిందనుకుంటారు.

జలంధర్ ఇప్పుడు అల్ ఖోర్‌లో బాబా కూతురి ఇంటి పెరట్లో పని చేస్తాడు. అక్కడ ‘మాలతి’ వేళ్ళు పట్టింది. శుక్రవారం సెలవు. మోకు భుజానికి వేసుకుని బస్సెక్కి ఉమ్ సలాల్‌లో దిగుతాడు. బస్సులో అందరూ అతన్ని కరెంటు మనిషి అనుకుంటారు. రోడ్డు మీద పోయే కార్లు ఆగి చూస్తుంటే, తన రెండు చెట్లూ ఎక్కి మట్టలు కోస్తాడు, పుప్పొడి పట్టిస్తాడు, దిగుతాడు. ‘చెంపదెబ్బ’ను మాత్రం ఇప్పుడు మెత్తగా కోస్తున్నాడు.

జూలైలో గెలలు పండాయి. మొదటి కోత రోజు నేనూ పోయాను. జలంధర్ ఒక బుట్ట నిండా పండు ఏరి, మంచివి పైన కాదు, అడుగు నుంచీ మంచివే నింపి, గోడకున్న పెద్ద గేటు దగ్గరికి పోయాడు.

“ఎవరికిది?” అన్నాను.

“పటేల్‌కు.”

పెద్దకొడుక్కి. భూమి ఇచ్చినందుకు భూమి ఆసామికి పోవాల్సిన వంతు. కాపలావాడు లోపలికి తీసుకుపోయాడు. ఐదు నిమిషాలకు బుట్ట అలాగే తిరిగి వచ్చింది, వద్దన్నారట. జలంధర్ బుట్టను గేటు కొక్కేనికి తగిలించి వచ్చేశాడు. మరుసటి శుక్రవారం అది అక్కడే ఉంది, పండ్లు నల్లబడి, చీమలు పట్టి. జలంధర్ దాన్ని దులిపి, రోడ్డు పక్క కుళాయి కింద కడిగి, కొత్త పండ్లతో నింపి మళ్ళీ తగిలించాడు. మూడో శుక్రవారమూ అంతే. నాలుగో వారం నేను కోపం పట్టలేక, “వాడి మొహానికి పండ్లెందుకయ్యా, కుక్కలకు వెయ్యి” అన్నాను.

“తీస్కునేదాక వెడ్త” అన్నాడు. “తీస్కుంటెనే చెట్టు నాది.”

ఐదో శుక్రవారం పోయేసరికి కొక్కేనికి బుట్ట ఖాళీగా వేలాడుతోంది. అడుగున నాలుగు ఖర్జూర గింజలు, వాటికి అంటిన తీపి. పక్షుల పనేమోనని నేను అనుమానించాను. పక్షులు గింజలను వరసగా పెట్టవు. కాపలావాడిని అడిగితే అవతలికి చూస్తూ, “ముదీర్ కారులో పోతూ ఆపించాడు” అన్నాడు. ముదీర్ అంటే పెత్తనం చేసేవాడు, ఇక్కడ పెద్దకొడుకే.

జలంధర్ ముఖం వెలుగుతుందేమోనని చూశాను. లేదు. బుట్టను కిందికి దించి, లోపల వేలు పెట్టి రాసి చూసుకున్నాడు. మెడ మీద ఆ నరం మళ్ళీ లేచింది.

“తిన్నడు గని బుట్ట కడగలె, చూసినవా పెద్దసారూ? మా ఊళ్ళ పటేల్ గూడ కుండ కడిగిచ్చేటోడు” అని, దాన్ని కడగకుండా అలాగే పండ్లతో నింపి, గేటుకు తగిలించాడు.